ప్రార్థన చివర సంఘం ‘ఆమేన్’ అనడం లేదా?

ఆదివారం మీరు నడిపించిన విజ్ఞాపన ప్రార్థన (అందరి అవసరాల కోసం చేసేది) ముగిసింది. ముందు రెండు వరుసల్లోనే ‘ఆమేన్’ వినిపించింది. వెనకున్నవాళ్లు అప్పటికే కళ్లు తెరిచి కూర్చున్నారు. ‘సంఘంలో ఆత్మీయత తగ్గిపోయింది’ అనే ముందు దయచేసి మైకు చూడండి.

కళ్లు మూసుకుని తల వంచగానే నోరు మైకుకు తప్పుతుంది. వెనక బెంచీకి సగం మాటలు చేరవు. నీవు చెప్పింది గ్రహించనివాడు ఆమేన్ ఎలా పలుకుతాడని 1 కొరింథీయులు 14:16లో పౌలు అడిగాడు. అక్కడి సంగతి వినేవారికి అర్థంకాని భాషల్లో ప్రార్థించడం గురించి, కానీ వినపడని ప్రార్థనకూ అదే ప్రశ్న. ఆరాధనకు ముందే ఒకరిని చివరి బెంచీలో కూర్చోబెట్టి, తల వంచి రెండు వాక్యాలు చెప్పి చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్క పనే వదిలేస్తున్నారు.

బాగా వినపడుతున్నా స్పందన లేదంటే, మీ ప్రార్థనలో ‘మనం’ ఎక్కడుందో వెతకండి. నేను చాలా ఏళ్లు పట్టుకోలేకపోయిన కారణం ఇది. ‘మనం’ అంటే మాట వింటున్నవారిని కూడా కలుపుకుంటాం. ‘మేము’లో వారు ఉండరు. అందుకే దేవునితో మాట్లాడుతున్నంతసేపూ మేము, మాకు, మా అనే మాటలే రావాలి. ప్రభువు నేర్పిన ప్రార్థన మన బైబిల్లో ‘పరలోకమందున్న మా తండ్రీ’ అనే మొదలవుతుంది, ‘మన తండ్రీ’ అని కాదు. ‘ప్రభువా, మనమందరం సమయానికి మందిరానికి రావాలి’ అంటే పిలుపు ఒక్కటే ఆయనకు, మిగతాదంతా బెంచీల్లో ఉన్నవాళ్లకు. తమకే చెబుతున్నారని తెలిశాక ఎవరూ దానితో కలిసి ప్రార్థించరు.

ఒకసారి గృహకూటానికి వెళ్లాను. ఆ ఇంటి యజమాని ఆస్పత్రిలో ఉన్నారు. ‘ప్రభువా, కష్టంలోనే కాదు, మనం ఎప్పుడూ నీ సన్నిధికి రావాలి’ అని ప్రార్థించాను. ముగిశాక ఆయన భార్య తల ఎత్తలేదు. ఆవిడ కోసం దేవుణ్ణి అడగడానికి వెళ్లి ఆవిడనే మందలించి వచ్చాను. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

మీ ప్రార్థన ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. ‘మనం’ వచ్చిన ప్రతిచోటా ఆగండి. అది ప్రకటన అయితే ప్రకటనల్లో చెప్పండి, బోధ అయితే ప్రసంగానికి ఉంచండి. నిజంగా మనవి అయితే అడిగే మాటగా మార్చండి. ‘మనం ఒకరినొకరు క్షమించుకోవాలి ప్రభువా’ బదులు ‘ఒకరినొకరు క్షమించుకునే మనసు మాకు దయచేయి’ అనండి. ‘మనం’ తీసి ‘మేము’ పెడితే సరిపోదు. ‘మేము సమయానికి రావాలి’ అన్నా అది మందలింపే.

ఊపిరికోసారి ‘ప్రభువా’ అనడం, నిడివి పెరగడం లాంటివి రాసుకుని సాధన చేస్తే తగ్గిపోతాయి. రోగుల పేర్లు చదివేటప్పుడు జబ్బు వివరాలు వద్దు. ‘యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ’ అన్నాక ఇంకో మనవి గుర్తొచ్చినా మళ్లీ మొదలుపెట్టకండి, వచ్చే వారం చేయవచ్చు.