ఫైబర్ బోటుకి సోలార్ ఆర్చ్ ఇలా బిగించండి

భావనపాడులోనో కళింగపట్నంలోనో ఇసుక మీంచి అలల్లోకి నెట్టే బోటుకి ఆర్చ్, అంటే సోలార్ ప్యానెళ్లు మోసే పైపుల చట్రం, పెట్టడమంటే ఇంటి డాబా మీద ప్యానెల్ పెట్టినట్టు కాదు, ప్రతి కుదుపూ ఆ చట్రం కాళ్ల మీదే పడుతుంది. ముందు వెదురుకర్రలతో నమూనా కట్టి చూడండి. మోటారు పూర్తిగా పైకెత్తినా తగలకూడదు, వల లాగేవాళ్ల మోచేతికి అడ్డు రాకూడదు.

పైపు 316 గ్రేడ్ స్టీలే కొనండి. 304 చవకే గానీ ఉప్పుగాలికి త్వరగా మచ్చలొస్తాయి.

అసలు పనంతా బోల్టుల దగ్గరే. ఫైబర్‌కి బెజ్జం వేశాక లోపల చెక్క కనిపిస్తే వెంటనే బోల్టు దించేయకండి, నీరు దిగి ఆ చెక్క లోపల్లోపలే కుళ్లిపోతుంది. బెజ్జం కొంచెం పెద్దది చేసి ఎపాక్సీ (రాయిలా గట్టిపడే జిగురు)తో నింపి, గట్టిపడ్డాక మళ్లీ సరైన సైజులో వేయండి. కింద వెడల్పాటి స్టీలు పలక, పైన నీరు దిగనివ్వని మెరైన్ సీలెంట్ తప్పనిసరి.

ప్యానెల్ అల్యూమినియం ఫ్రేము స్టీలుకి నేరుగా తగిలితే ఉప్పునీటికి అల్యూమినియం తినేసుకుపోతుంది, మధ్యలో నైలాన్ వాషర్లు వేయండి. 100 వాట్ల 12 వోల్టుల ప్యానెల్ మంచి ఎండలో సుమారు 5 ఆంపియర్లు ఇస్తుంది, జీపీఎస్‌కీ ఎల్ఈడీ లైట్లకీ సరిపోతుంది. కానీ జెండాకర్ర సన్నటి నీడ పడినా కరెంటు బాగా తగ్గిపోతుంది, అది పక్కకి జరపండి. ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు సర్దే ఛార్జ్ కంట్రోలర్‌కి మొదట బ్యాటరీని, ఆ తర్వాతే ప్యానెల్‌ని కలపాలి. బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి.

అక్టోబరు, నవంబరుల్లో తుఫాను కబురు రాగానే ప్యానెళ్లు విప్పి ఇంటికి తెచ్చుకునేలా బిగించండి.