రష్యా గద్దె మీద ‘అలా జరిగి ఉంటే’ కథ అల్లడం ఎలా

పీటర్ ది గ్రేట్ ఇంకో పదేళ్లు బతికుంటే అని మొదలుపెట్టకండి. మార్పు అంత పెద్దదైతే పగ్గాలు చేతిలో ఉండవు. చిన్న మలుపు చాలు, ఒక్క సంతకం. మా దృష్టిలో 1730 జనవరిని మించింది లేదు.

ముందు అసలు జరిగింది కాగితం మీద పెట్టుకోండి. వారసుణ్ణి చక్రవర్తే ఎంచుకోవచ్చని 1722లో శాసనం చేసిన పీటర్, 1725లో ఎవరి పేరూ చెప్పకుండా పోయాడు. గార్డు దళాలు ఆయన భార్య కేథరిన్‌ను గద్దెనెక్కించాయి. 1727లో మనవడు రెండో పీటర్ వచ్చాడు. కేథరిన్ డోల్గొరుకొవాతో పెళ్లికి పెట్టుకున్న రోజే, 1730 జనవరి 19న, మశూచితో పోయాడు. వయసు 14.

అప్పటికే పెళ్లికూతురి వంశంవాళ్లు, డోల్గొరుకొవ్‌లు, చక్రవర్తి పేరిట వీలునామా రెండు ప్రతులు రాసి పెట్టుకున్నారు, గద్దె పెళ్లికూతురికే చెందేలా. ఒకదాని మీద చక్రవర్తి సంతకాన్ని ఆమె అన్న ఇవాన్ ఫోర్జరీ చేశాడు. రెండోది రోగి చేత పెట్టించాలనుకున్నాడు, కుదరలేదు. మీ కథలో కుదరనివ్వండి. 1722 శాసనం ప్రకారం అది చెల్లుతుంది. కుర్రాణ్ణి బతికించాలని మాత్రం చూడకండి: మశూచి టీకా 1796 నాటిది.

కాగితం చెల్లితే సరిపోదు, బలం చూసుకోవాలి. 1748లో మొదటి నిజాం పోయాక నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్‌ల గొడవ హైదరాబాదువాళ్లకి తెలిసిందే. అందులో ఫ్రెంచి, ఇంగ్లీషు సేనలు దూరాయి. మాస్కోలో ఆ స్థానం గార్డు దళాలైన ప్రెయోబ్రజెన్‌స్కీ, సెమ్యోనొవ్‌స్కీ రెజిమెంట్లది. ప్రతి అధ్యాయానికీ ముందు అవి ఎవరి పక్షమో రాసుకోండి. చాలా కథలు ఇక్కడే కూలతాయి. పైగా ఫీల్డ్ మార్షల్ వాసిలీ డోల్గొరుకొవ్ సొంత వంశం ఎత్తునే వ్యతిరేకించాడు. ఆయన్ని ఒప్పించే సన్నివేశం లేకుండా ముందుకు పోవద్దు.

తర్వాత ఎవరు ఎక్కడున్నారో చూడండి. అసలు చరిత్రలో 1730లో గద్దెనెక్కిన పీటర్ అన్న కూతురు అన్నా, మీ కథలో బాల్టిక్ తీరపు చిన్న రాజ్యం కోర్లాండ్‌లోనే మిగులుతుంది, ఆమె ఆంతరంగికుడు బిరొన్‌కు రష్యాలో పనుండదు. పీటర్ కూతురు ఎలిజబెత్‌కి 20 ఏళ్లు. 1741లో ప్రెయోబ్రజెన్‌స్కీ సైనికులు గద్దెనెక్కించింది ఆమెనే, కాబట్టి అసలు ముప్పు అటునుంచే రావాలి. ఇక కాబోయే రెండో కేథరిన్ అప్పటికి జర్మనీలో ఏడాది నిండని పాప. 1744లో ఆమెను రష్యాకు పిలిపించింది ఎలిజబెత్. ఆ పిలుపు లేకపోతే ఆమెను గద్దెనెక్కించిన 1762 తిరుగుబాటు మీ కథలో ఉండకూడదు. మనవాళ్లు తరచూ మరిచిపోయేది ఇదే.

తేదీలన్నీ పాత రష్యా క్యాలెండర్‌వి. కొత్త క్యాలెండర్ వాడే బెర్లిన్ రాయబారి ఉత్తరంలో ఆ జనవరి 19 కాస్తా జనవరి 30 అవుతుంది.