కొండచీపురు సాగు – 4వ పాఠం: కోత

పోయిన పాఠం చూసి నాటిన పిలకలు సగం ఎండిపోయాయని చాలామంది అంటున్నారు. ముందు ఆ సంగతి తేల్చుకుందాం. తవ్విన పిలకలను గట్టు మీద ఎండకి వదిలేసి మర్నాడు నాటారు, వేరు వడలిపోయింది. ఏ పూట తవ్వినవి ఆ పూటే నాటాలి. కుదరకపోతే తడి గోనెలో చుట్టి నీడన ఉంచండి. ఇంకొకటి, ఆకు మొత్తం ఉంచేశారు. కొత్త వేరు పట్టేలోగా ఆకు నీరంతా లాగేస్తుంది. అడుగు ఎత్తు ఉంచి పైది కోసెయ్యాలి. పల్లంలో నీరు నిలిచి కుళ్లిన చోట మళ్లీ నాటొద్దు. శ్రీకాకుళం జిల్లా మందస, మెళియాపుట్టి కొండవాలు పోడు భూముల్లాంటి నేలే దీనికి కావాలి. మిగతా ఖాళీలు తొలకరికి నింపుకోండి.

దూరం గురించి కూడా అడిగారు. మీటరున్నర అయితే ఎకరాకు 1,800 దుబ్బులు, 2 మీటర్లైతే వెయ్యి. నేను 2 మీటర్లే చెబుతాను. మూడో ఏటికి దుబ్బులు విచ్చుకున్నాక మధ్యలో కాలు పెట్టే చోటుండాలి.

ఇక కోత. కంకి వేసిన పుల్లను పీకొద్దు. అడవిలో పీకే అలవాటు పోడులోకీ వచ్చేస్తోంది. పీకిన పుల్ల మొదలు ఒకసారి చూడండి: తెల్లగా, గోరంత మొన అంటుకుని ఉంటుంది. వచ్చే వానలకి లేవాల్సిన పిలక అదే. పది పుల్లలు పీకితే పది పిలకలు పోయినట్టే, పక్క వేళ్లు కూడా కదిలిపోతాయి. పీకితే పుల్ల పొడుగొస్తుందంటారు. ఆ లావు మొదలు పిడి కట్టేటప్పుడు ఎలాగూ నరికేసేదే! ఎడంచేత్తో పుల్ల పట్టుకుని, నేలకు బెత్తెడు పైన కొడవలితో కొయ్యండి. మెలితిప్పొద్దు.

కంకి పచ్చిగా ఉండగా కోస్తే ఎండి పెళుసవుతుంది, ముదిరితే పువ్వు రాలుతుంది. లేతాకుపచ్చ ఎర్రబారుతున్నప్పుడు కొయ్యాలి. ఒకే దుబ్బులోనూ అన్నీ కలిసి రావు, మూడు నాలుగు దఫాలు తిరగాలి. కోసినవి పల్చగా పరిచి ఆరబెట్టండి. పచ్చివి కుప్పేస్తే బూజు పట్టి నల్లబడతాయి, గిరిజన సహకార సంస్థకి ఇచ్చినా సంతలో అమ్మినా ధర తగ్గుతుంది.

అభ్యాసం: 10 దుబ్బులకు గుర్తు కట్టండి. తొలి ఏడాది పోడులో పుల్లలు చాలవు కాబట్టి అడవి దుబ్బులైనా సరే. సంక్రాంతి వెళ్లాక నాలుగు రోజులకోసారి దుబ్బుకో పుల్ల కోసి, తేదీ రాసి విడిగా ఎండబెట్టండి. శివరాత్రికి అన్నిటినీ ఒకే బండ మీద ఇరవైసార్లు చొప్పున కొట్టండి. కంకి విరిగితే లేత, పువ్వు రాలితే ముదురు. రెండూ తక్కువగా ఉన్న తేదీయే మీ కొండకు కోత తేదీ.