కొండల్లో వాతావరణాన్ని గమనించి ముందే అంచనా వేయడం ఎలా?

కొండ ప్రాంతాల్లో ఫోన్‌లో వెదర్ రిపోర్ట్ ఒకటి చెప్తుంది, నెత్తి మీద ఆకాశం ఇంకోటి చెప్తుంది. యాప్‌ని తిట్టుకుని లాభం లేదు. ప్రపంచంలో బాగా పేరున్న యూరప్ మోడల్ (వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) కూడా భూమిని సుమారు 9 కిలోమీటర్ల గళ్ళుగా విడగొట్టి లెక్క కడుతుంది, అమెరికా వాళ్ళ మోడల్ జీఎఫ్ఎస్‌కి అది 13 దాకా ఉంటుంది. ఆ ఒక్క గడిలో ఒక శిఖరం, రెండు లోయలు, మధ్యలో ఒక కనుమ అన్నీ పడిపోతాయి, మోడల్‌కి మాత్రం అదంతా ఒకే ఎత్తున్న నున్నటి నేల. అందుకే కొండల్లో సగం పని మోడల్ చేస్తే మిగతా సగం అక్కడున్న మనిషే చేసుకోవాలి.

మబ్బుల పేర్లు బట్టీ పట్టడం కంటే ముందు, మీరున్న చోట మామూలు రోజు ఎలా గడుస్తుందో తెలుసుకోండి. మామూలు ఏంటో తెలిస్తేనే తేడా కనబడుతుంది, కొండల్లో అంచనా అంటే చాలావరకు ఆ తేడాని త్వరగా పట్టుకోవడమే.

1. బయల్దేరే ముందు ఫోర్‌కాస్ట్‌ని మీ ఎత్తుకి మార్చుకోండి

యాప్ చూపించే టెంపరేచర్ ఏ ఎత్తుకి అన్నది ముందు చూడండి, చాలాసార్లు అది కింద ఉన్న ఊరి ఎత్తు. సగటున ప్రతి 1000 మీటర్లకి 6.5 డిగ్రీలు తగ్గుతుందని లెక్క వేస్కోండి. 1200 మీటర్ల దగ్గర 18 డిగ్రీలు ఉంటుందని చెప్తే 3200 మీటర్ల శిఖరం మీద 13 తగ్గి దాదాపు 5 డిగ్రీలు, దానికి 40 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి తెలిసేది సున్నా కంటే ఇంకొంచెం కిందే. ఇదే లెక్కతో పైకి వెళ్తే 4000 మీటర్లకి కాస్త ముందే సున్నా డిగ్రీల గీత వస్తుంది, మంచు మాత్రం సాధారణంగా ఆ గీతకి ఇంకో 300 మీటర్లు కింద దాకా కరగకుండా పడుతుంది, వాన బాగా గట్టిగా పడుతుంటే ఇంకా కిందకి కూడా దిగుతుంది.

ఈ 6.5 సగటు మాత్రమే. పొడి గాలి పైకి లేస్తే కిలోమీటర్‌కి సుమారు 10 డిగ్రీలు చల్లబడుతుంది, తేమతో నిండి మబ్బు కట్టిన గాలి అయితే 5, 6 డిగ్రీలే. ఈ తేడా గుర్తుంచుకోండి, కింద ఇంకోచోట పనికొస్తుంది.

గాలి ఏ దిక్కు నుంచి వస్తుందో కూడా ఇప్పుడే చూసుకుని మ్యాప్ మీద పెట్టుకోండి. గాలి తగిలే వైపు వాలు మీద గాలి పైకి ఎక్కి చల్లబడి మబ్బు కట్టి వాన కురుస్తుంది, గాలి చాటు వైపు పొడిగా ఉంటుంది. ఒకే కొండకి అటు ముసురు, ఇటు ఎండ, ఫోర్‌కాస్ట్‌లో మాత్రం రెండింటికీ కలిపి ఒకటే గుర్తు ఉంటుంది.

2. లోయ గాలి టైమ్‌టేబుల్ రాసుకోండి

నన్నడిగితే అన్నిటికంటే ఎక్కువ టైమ్ పెట్టాల్సింది దీనికే, చాలామంది అస్సలు పట్టించుకోనిదీ ఇదే. ఆకాశం తేటగా ఉన్న రోజు కొండ వాలు ఎండకి వేడెక్కి, దాన్ని ఆనుకున్న గాలి పైకి పాకుతుంది. తూర్పు వాలు ముందు వేడెక్కుతుంది కాబట్టి పొద్దున్న మొదటి మబ్బు తునకలు కూడా అటే కనబడతాయి. పొద్దెక్కేకొద్దీ లోయ మొత్తం కింద నుంచి పైకి గాలి వీస్తుంది, మధ్యాహ్నం దాటాక బాగా జోరుగా ఉంటుంది, పొద్దుగూకాక ఆగిపోయి దిక్కు మారి రాత్రంతా చల్లగాలి పై నుంచి కిందకి జారుతుంది. ఆ చల్లగాలి అంతా లోయ అడుగున చేరుతుంది కాబట్టే తెల్లారేసరికి అడుగున చలి, కొంచెం పైన వాలు మీద వెచ్చగా ఉంటుంది, పై నుంచి చూస్తే లోయ నిండా పొగమంచు. టెంట్ వేసుకునేవాళ్ళు లోయ మరీ అడుగున వద్దనడానికి ఇదొక కారణం, రెండోది వాగు, దాని సంగతి తర్వాత.

ఒకట్రెండు రోజులు గమనిస్తే మీరున్న లోయలో ఈ గాలి ఎన్నింటికి మొదలవుతుందో, ఎన్నింటికి తిరుగుతుందో తెలిసిపోతుంది. ఇంక తర్వాత చూడాల్సింది ఆ టైమ్‌టేబుల్ ఎప్పుడు తప్పుతోందా అని. రాత్రి అయినా గాలి తిరక్కుండా పైకే వీస్తోందా, ఎండ బాగా ఉన్నా పగటి గాలి లేవలేదా, రాత్రి ఎప్పటిలా చలి వెయ్యకుండా వెచ్చగా ఉందా, ఇవన్నీ బయట నుంచి ఏదో పెద్ద వాతావరణ వ్యవస్థ వస్తోందని, అది లోకల్ గాలిని అణిచేస్తోందని చెప్పే గుర్తులు. పొద్దున్నే గడ్డి మీద మంచు బిందువులు రోజూ ఉండి ఇవాళ లేవంటే రాత్రి మబ్బో గాలో ఉన్నట్టు, అదీ రాసుకోండి.

3. ఆల్టీమీటర్ వాచీని బారోమీటర్‌గా వాడండి

ఎత్తుకి వెళ్తే గాలి ఒత్తిడి తగ్గుతుందని మొదటిసారి కొండెక్కి కొలిచి చూపించింది 1648 సెప్టెంబర్ 19న, ఫ్రాన్స్‌లో ప్యూయి ద డోమ్ అనే కొండ మీద. ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాస్కల్ కోరితే ఆయన బావ పెరియే పాదరసం గొట్టం మోసుకుని పైకెక్కాడు, పాదరసం మట్టం 8 సెంటీమీటర్ల పైనే దిగింది. ఇందులో నాకు బాగా నచ్చేది వేరే, పెరియే ఇంకో గొట్టం కింద ఊళ్ళోనే పెట్టి సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉండమని ఒకాయన్ని కూర్చోబెట్టాడు. కింద మట్టం మారలేదు కాబట్టి పైన వచ్చిన మార్పు ఎత్తు వల్లే అని తేలిపోయింది. మనం చెయ్యాల్సింది దీనికి తిరగేసి, ఎత్తు మారకుండా ఒకే చోట ఉండి వచ్చే మార్పు చూడటం.

సాయంత్రం క్యాంప్‌కి చేరగానే వాచీలో ఎత్తు ఎంత చూపిస్తోందో రాసుకోండి, పొద్దున్న లేవగానే మళ్ళీ చూడండి. వాచీ గాలి ఒత్తిడిని కొలిచే ఎత్తు లెక్క కడుతుంది. మీరు కదల్లేదు, కానీ వాచీ 40 మీటర్లు ఎక్కువ చూపిస్తోందంటే ఒత్తిడి పడిపోయిందని అర్థం. ఒత్తిడికి కొలత హెక్టోపాస్కల్, సముద్ర మట్టం దగ్గర 1 హెక్టోపాస్కల్‌కి సుమారు 8 మీటర్లు, 3000 మీటర్ల దగ్గర 11 మీటర్ల దాకా, కాబట్టి 3000 మీటర్ల దగ్గర ఆ 40 అంటే మూడున్నర హెక్టోపాస్కల్‌లు. రాత్రంతా మెల్లగా అంత తగ్గితే జాగ్రత్త పడండి, మూడు గంటల్లోనే అంత తగ్గితే ఆ రోజు పైకి వెళ్ళే ఆలోచన మానుకోండి.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఇప్పటి వాచీలు చాలావరకు జీపీఎస్ చూసి ఎత్తుని వాటంతట అవే సరిచేసేసుకుంటాయి, అలా చేస్తే మనక్కావాల్సిన మార్పే మాయమైపోతుంది, ఆ ఆటో కాలిబ్రేషన్ ఆపేయండి. రెండోది, తుఫానూ ఏమీ లేకపోయినా ఒత్తిడి రోజుకి రెండుసార్లు పెరిగి తగ్గుతుంది, సుమారు పదింటికి ఎక్కువ, నాలుగింటికి తక్కువ, పగలూ రాత్రీ ఇంతే. భూమధ్యరేఖకి దగ్గరి ప్రాంతాల్లో ఈ ఊగు 2, 3 హెక్టోపాస్కల్‌లు కూడా ఉంటుంది కాబట్టి అక్కడ నిన్నటి పదిగంటల అంకెని ఇవాళ్టి పదిగంటల అంకెతోనే పోల్చండి, సాయంత్రం నాలుగు అంకె చూసి కంగారు పడకండి.

4. మబ్బుల్ని చూడండి, కానీ గడియారం పక్కన పెట్టుకుని

ఎండాకాలం పొద్దున్న దూదిపింజల్లాంటి మబ్బులు రావడం తప్పేమీ కాదు, ఎన్నింటికి వచ్చాయి, పైకి ఎంత వేగంగా పెరుగుతున్నాయి అన్నదే పాయింట్. మధ్యాహ్నం పన్నెండుకి వచ్చి అడ్డంగా పరుచుకుని ఉండిపోతే మంచి రోజు. తొమ్మిదీ పదింటికే వచ్చి, వెడల్పు కంటే ఎత్తు ఎక్కువై పైకి పొంగుతున్నాయంటే మధ్యాహ్నానికి ఉరుములు ఖాయం అనుకుని ప్లాన్ మార్చుకోండి. తెల్లవారుజామునే మధ్య ఎత్తులో చిన్న చిన్న బురుజులు లేచిన మబ్బుల వరస కనబడితే అది ఇంకా ముందు వచ్చే హెచ్చరిక. పెద్ద మబ్బు తల చదునై పక్కలకి పరుచుకుంటోందంటే అది ఇప్పటికే ఉరుముల మబ్బు అయిపోయింది.

మబ్బు అడుగు ఎంత ఎత్తులో ఉంటుందో కూడా లెక్క కట్టొచ్చు, టెంపరేచర్‌లోంచి డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీటి బిందువులుగా మారే టెంపరేచర్) తీసేసి 125తో గుణించండి, 20 డిగ్రీలు, డ్యూ పాయింట్ 12 అయితే మీ నుంచి సుమారు 1000 మీటర్ల పైన. ఎండ వల్ల లేచే మబ్బులకే ఈ లెక్క. మీరు ఎక్కే శిఖరం దానికి పైన ఉందంటే మధ్యాహ్నం మీరు మబ్బు లోపల ఉంటారు, దారి కనబడదు.

శిఖరం మీదో దాని అవతలో నున్నగా బోర్లించిన పళ్ళెంలా ఒక మబ్బు కదలకుండా నిలబడి ఉందంటే ఫొటోకి బాగుంటుంది కానీ పైన గాలి భయంకరంగా ఉన్నట్టు. మబ్బు కదలడం లేదు గానీ గాలి దాంట్లోంచి దూసుకుపోతూనే ఉంటుంది, ముందు వైపు మబ్బు కడుతూ వెనక వైపు ఆవిరైపోతూ ఉంటుంది. కింద లోయలో ఆకు కూడా కదలకపోవచ్చు, దాన్ని చూసి మోసపోవద్దు. ఎత్తు తక్కువ కొండలే కదా అని కూడా అనుకోవద్దు, అమెరికాలో మౌంట్ వాషింగ్టన్ ఎత్తు 1917 మీటర్లే, 1934 ఏప్రిల్ 12న అక్కడ గంటకి 372 కిలోమీటర్ల గాలి నమోదైంది.

సూర్యుడికో చంద్రుడికో వరదగుడి (చుట్టూ వెలుగు వలయం) కట్టిందంటే ఎత్తులో పల్చటి మంచు స్ఫటికాల మబ్బు పరుచుకుందన్నమాట. ఆ మబ్బు గంట గంటకీ చిక్కబడుతూ కిందకి దిగుతుంటే ఒక రోజు లోపు వాన గానీ మంచు గానీ రావచ్చు, చిక్కబడకపోతే మాత్రం ఊరికే వచ్చి పోయినట్టే. విమానం గీత కూడా ఇలాగే, వెంటనే చెరిగిపోతే పైన పొడి, చాలాసేపు ఉండి వెడల్పవుతుంటే పైన తేమ చేరుతోంది. ఇక పొద్దున ఆకాశం ఎర్రగా ఉంటే వాతావరణం చెడుతుంది, సాయంత్రం ఎర్రగా ఉంటే బాగుంటుంది అనే సూత్రం మీద నాకైతే పెద్ద నమ్మకం లేదు, వాతావరణం పడమర నుంచి తూర్పుకి కదిలే ప్రాంతాల్లో కొంతవరకు పనిచేస్తుంది, మిగతాచోట్ల రంగే తప్ప సమాచారం ఉండదు.

5. పై మబ్బు, కింది మబ్బు ఎటు పోతున్నాయో పోల్చండి

ఉత్తరార్ధగోళంలో అయితే కింది గాలికి వీపు పెట్టి నిలబడి పైకి చూడండి, ఎత్తులో ఉన్న మబ్బులు మీ ఎడమ నుంచి కుడికి వెళ్తుంటే వాతావరణం చెడే అవకాశం ఎక్కువ, కుడి నుంచి ఎడమకి అయితే బాగుపడుతోంది. దక్షిణార్ధగోళంలో దీనికి తిరగేసి. కొండల్లో దీనికి లోయ గాలిని వాడకూడదు, అది లోయ వంపుని బట్టి తిరుగుతుంది, రిడ్జ్ (కొండ వెన్ను) పైన వీచే గాలిని గానీ రిడ్జ్‌ని రాసుకుంటూ పోయే మబ్బుల్ని గానీ చూడాలి.

6. ఉన్నట్టుండి వెచ్చబడితే సంతోషపడొద్దు

పైన చెప్పిన 10 డిగ్రీలు, 5 డిగ్రీల తేడా ఇక్కడే పనికొస్తుంది. గాలి ఒక వైపు తేమతో ఎక్కుతూ మెల్లగా చల్లబడి, నీళ్ళన్నీ అక్కడే వదిలేసి, అవతల పొడిగా దిగేటప్పుడు త్వరగా వేడెక్కుతుంది. ఆల్ప్స్‌లో దీన్ని ఫోన్ (Föhn) గాలి అంటారు, రాకీ పర్వతాల్లో చినూక్. 1943 జనవరి 22న అమెరికాలోని స్పియర్‌ఫిష్‌లో ఈ గాలి వల్ల రెండు నిమిషాల్లో మైనస్ 20 నుంచి 7 డిగ్రీలకి పెరిగింది. చలికాలంలో ఇలా వేడి పొడి గాలి తగులుతూ, శిఖరాల మీద గోడ కట్టినట్టు మబ్బు కనబడుతోందంటే అవతల వైపు వానో మంచో పడుతోందని, ఈ గాలి ఆగగానే అది ఇటు కూడా రావచ్చని అనుకోండి. ఈలోగా మంచు వాలుల కింద నుంచి తప్పుకోండి, వేడికి మంచు వదులై మంచు చరియలు జారిపడతాయి.

7. ఉరుము వినబడ్డాక

మెరుపు నుంచి ఉరుముకి సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. 30 సెకన్ల లోపైతే అప్పటికే మీరు ప్రమాదంలో ఉన్నారు, చివరి ఉరుము తర్వాత ఇంకో 30 నిమిషాలు ఆగాకే మళ్ళీ కదలాలి. కానీ కొండల్లో సగం ఆకాశం కొండ వెనకే ఉంటుంది, మెరుపు కనబడదు, ఉరుము ఏ దిక్కు నుంచో తెలీదు, అందుకే లెక్క మీద ఆధారపడకుండా ఉరుములు వచ్చే కాలంలో మధ్యాహ్నానికల్లా శిఖరం దిగిపోయేలా పొద్దున్నే బయల్దేరడం మేలు. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నా, చేతికర్ర లాంటి లోహపు వస్తువు గుయ్‌మని సన్నగా మోగినా ఇంక ఆలోచించొద్దు, వెంటనే రిడ్జ్ దిగండి. ఒంటరి చెట్టు కింద, గుహ నోటి దగ్గర నిలబడొద్దు.

వాగు సంగతి అన్నాను కదా. మీ నెత్తిన ఎండ ఉన్నా పైన ఎక్కడో కురిసిన వాన గంటలోపే మీ దగ్గరికి రావచ్చు. నీళ్ళు ఉన్నట్టుండి బురద రంగుకి తిరిగినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నా, శబ్దం మారినా సామాను సంగతి వదిలేసి పక్క వాలు ఎక్కేయండి. హిమానీనదాల నుంచి వచ్చే వాగులైతే రోజూ మధ్యాహ్నం దాటాక మంచు కరిగి ఉబ్బుతాయి, అది మామూలే, అలాంటివి తెల్లవారగానే దాటాలి.

8. రాసుకోండి

మూడు గంటలకోసారి చాలు. టైమ్, ప్రెజర్, టెంపరేచర్, లోయలో గాలి, రిడ్జ్ మీద గాలి, మబ్బు ఏ ఎత్తులో ఎటు పోతోంది, చివర్లో రాబోయే ఆరు గంటలకి మీ అంచనా ఒక్క లైన్. సాయంత్రం కూర్చుని ఏది నిజమైంది ఏది కాలేదో దాని పక్కనే టిక్ పెట్టండి, యాప్ చెప్పింది కూడా ఇంకో కాలమ్‌లో రాస్తే ఆ లోయలో అది ఎటువైపు తప్పుతోందో, ఎప్పుడూ వాన ఆలస్యంగా చెప్తోందా లేక చలి తక్కువ చెప్తోందా అన్నది బయటపడుతుంది. ప్రతి లైన్‌లోనూ మీరు నిలబడ్డ ఎత్తు కూడా మ్యాప్ చూసి రాయండి, అది లేకపోతే ప్రెజర్ అంకెలు ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికిరావు.