పార్కులో నీటి ఆటస్థలం: విశాఖలో చోటు ఎంచుకునే పద్ధతి

విశాఖపట్నంలో పిల్లలకు నీటి ఆటస్థలం అనగానే చాలామందికి ముందుగా తట్టేది బీచ్ రోడ్డు. జనం వచ్చేది అక్కడికే కాబట్టి ఆ ఆలోచన సహజమే. అయితే సాయంత్రం నాలుగు అడుగులు వేస్తే అలల్లో కాళ్లు తడుపుకోగల పిల్లల కంటే గాజువాక, గోపాలపట్నం, పెందుర్తి, కంచరపాలెం వైపు ఉక్కపోతలో ఉండే పిల్లలకే దాని అవసరం ఎక్కువ. ఇక్కడ చెబుతున్నది ఈతకొలను గురించి కాదు. నేలలోంచీ స్తంభాల మీదినుంచీ నీళ్లు చిమ్ముతూ, పడిన నీరు పడినట్టే జాలీల్లోకి పోయి, ఎక్కడా నిలవకుండా ఉండే స్ప్లాష్ ప్యాడ్ గురించి. కాలనీ సంక్షేమ సంఘాలూ వార్డు ప్రతినిధులూ పార్కుల ఇంజినీర్లూ చోటు చూడటానికి వెళ్లినప్పుడు, నీరు ఎక్కడినుంచి తేవాలి అన్నదాని కంటే ముందు, వాడిన నీరు ఎటు పోతుంది అన్న ప్రశ్న వేసుకోవాలి. అందంగా కనబడుతుందా లేదా అన్నది అన్నిటికంటే చివర చూడవలసిన విషయం.

నీరు పోయే దారి

ఒక పక్క కొండలూ మరో పక్క సముద్రమూ ఉన్న ఊరు కాబట్టి, గట్టి వాన పడితే కొండల మీది నీరంతా గెడ్డల (వాగుల) వెంట ఒక్కసారిగా కిందికి దూకుతుంది. లేఅవుట్లు వేసేటప్పుడు ఇళ్లకు పనికిరాని పల్లపు ముక్కనో గెడ్డ అంచునో ఖాళీస్థలంగా వదిలిపెట్టడం, తరవాత అదే పార్కు కావడం మనకు కొత్త కాదు. అలాంటి పార్కును ఎండాకాలంలో చూసి ఖరారు చేయకూడదు. వానాకాలంలో వెళ్లి చూడాలి. అది కుదరకపోతే ప్రహరీగోడ మీద బురద చార ఏ ఎత్తువరకు ఉందో చూసి, పక్కవీధిలో ఎన్నో ఏళ్లుగా ఉంటున్నవారిని నీళ్లు ఎంతవరకు వచ్చాయో అడగాలి.

ఆ తరవాత లెవెల్స్, అంటే నేల ఎత్తుపల్లాల కొలతలు, తీయించాలి. ఆటస్థలం నుంచి నీరు బయటికి వెళ్లే పైపు మొదలయ్యే చోటు, గెడ్డలోగానీ వరద కాలవలోగానీ నీరు చేరే గరిష్ఠ మట్టం కంటే ఎత్తున ఉండాలి. లేకపోతే వాన పడిన రోజున మన నీరు బయటికి పోకపోగా, గెడ్డలోని మురుగు పైపు వెంట ఎదురొచ్చి పిల్లలు ఆడే నేల మీదా, భూగర్భ ట్యాంకులోనూ చేరుతుంది. ఒక్కసారి మురుగు చేరిన ట్యాంకును కడిగించి మళ్లీ వాడకంలోకి తేవడం చిన్న పని కాదు. అందుచేత లెవెల్ కుదరని చోటును, మిగతా గుణాలు ఎన్ని ఉన్నా, జాబితా నుంచి కొట్టేయడమే మేలు.

ఆడే నేలకు నూటికి ఒకటి నుంచి రెండు వంతుల వాలు చాలు. అంటే పది మీటర్ల పొడవుకు 10 నుంచి 20 సెంటీమీటర్ల దిగుడు. వాలు మరీ ఎక్కువైతే పరిగెత్తే పిల్లలు జారతారు. సహజంగానే ఆ మాత్రం వాలు ఉన్న చోటు దొరికితే మట్టిపని ఖర్చు కలిసివస్తుంది. చూడటానికి వెళ్లినప్పుడు రెండు బిందెల నీళ్లు కుమ్మరించి, అవి ఎటు పారుతున్నాయో, ఎక్కడ మడుగు కడుతున్నాయో గమనిస్తే కాగితం మీది గీతలు చెప్పని సంగతులు కొన్ని తెలుస్తాయి. నీరు నిలిచిన చోట డెంగీ దోమ గుడ్లు పెడుతుందని వేరే చెప్పనక్కరలేదు.

మట్టిని కూడా తవ్వి చూడాలి. ఒక మీటరు లోతు గొయ్యి తీస్తే ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు, నల్లటి చెరువు మట్టి బయటపడుతున్నాయంటే అది పూడ్చిన నేల. పూడ్చిన నేల ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. దాని మీద వేసిన కాంక్రీటు బీటలు వారుతుంది, కింద పైపుల అతుకులు వదులవుతాయి, కారుతున్న నీరు ఎక్కడినుంచో తెలియక బిల్లు మాత్రం పెరుగుతుంది. ముడసర్లోవ వైపు చోట్ల విషయంలో మరో జాగ్రత్త అవసరం. ఆ జలాశయం నగరానికి తాగునీరు ఇచ్చే వనరుల్లో ఒకటి కనుక, పిల్లలు ఆడిన నీరు ఏ దారినా అందులో కలిసే వీలు ఉండరాదు.

నీరు వచ్చే దారి

లెక్క వేసి చూద్దాం. ఒక్కో నాజిల్ (నీరు చిమ్మే మూతి) నిమిషానికి 20 లీటర్లు చిమ్ముతుందనీ, అలాంటివి 20 ఉన్నాయనీ అనుకుంటే నిమిషానికి 400 లీటర్లు, సాయంత్రం రెండు గంటలకు 48,000 లీటర్లు అవుతాయి. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్న ప్రమాణం ప్రకారం అది సుమారు 355 మందికి ఒక రోజు నీరు. పిల్లలు ఈ జల్లుల కోసం ఎగబడేది ఏప్రిల్, మే నెలల్లో. నగరానికి నీరిచ్చే మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి జలాశయాల మట్టాలు తగ్గి, ఏలేరు కాలవ మీద భారం పెరిగేదీ ఆ రోజుల్లోనే. కాబట్టి ఒకసారి చిమ్మి వదిలేసే పద్ధతి మన ఊరికి నప్పదు. వాడిన నీటినే వడగట్టి, శుద్ధి చేసి తిరిగి వాడే పద్ధతే శరణ్యం. మీట నొక్కితే కొద్ది నిమిషాలు మాత్రమే పనిచేసే ఏర్పాటు కూడా ఉంటే ఖర్చయ్యే నీరు ఇంకా తగ్గుతుంది.

ఈ నిర్ణయం చోటు ఎంపికను నేరుగా మార్చేస్తుంది. ఆడే నేలతో పాటు భూగర్భ ట్యాంకుకూ ఫిల్టర్లకూ పంపుగదికీ స్థలం కావాలి, క్లోరిన్ తెచ్చే బండి గేటు దాకా రావాలి, మూడు ఫేజుల కరెంటు అందుబాటులో ఉండాలి. నీటిలో క్లోరిన్ లీటరుకు కనీసం ఒక మిల్లీగ్రాము, ఆమ్ల క్షార గుణాన్ని తెలిపే పీహెచ్ 7 నుంచి 7.8 మధ్య ఉన్నాయో లేదో రోజూ పరీక్షించాలి. విరేచనాలు కలిగించే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి అంత క్లోరిన్‌లో కూడా వారానికి పైగా బతకగలదు గనుక అతినీలలోహిత కిరణాల శుద్ధి యంత్రమూ ఉండాలి. ఇవన్నీ చూసుకునే మనిషి రోజూ ఉండే పార్కునే ఎంచుకోవాలి. తాళం వేసి, వారానికోసారి ఊడ్చే పార్కుకు ఎంత మంచి స్థలం ఉన్నా ఈ పని అప్పగించకూడదని నా అభిప్రాయం.

బోరు మీద ఆశ పెట్టుకునేవారు ముందు నీటిని పరీక్షకు పంపాలి. తాగునీటి ప్రమాణాల్లో టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం) లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే వనరు లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. తీరానికి దగ్గరైన కొద్దీ ఉప్పునీరు తగిలే అవకాశం పెరుగుతుంది, ఉప్పు నాజిళ్లను పట్టేస్తుంది. కొత్త బోరుకు నీరు, నేల, చెట్ల రక్షణ కోసం చేసిన 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కూడా కావాలి.

గాలి, ఉప్పు, నీడ

అయినా బీచ్ వైపే కట్టాలని పట్టుబట్టేవారు మూడు ఖర్చులు లెక్కలో వేసుకోవాలి. ఉప్పుగాలికి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మచ్చలు పడుతుంది, ఖరీదైన 316 రకానికి కూడా తరచూ మంచినీటితో కడుగుడు తప్పదు. గాలికి ఎగిరే ఇసుక ఫిల్టర్లలో చేరుతుంది. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు నేల సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నిబంధనల కిందికి వస్తుంది కాబట్టి అనుమతులకు సమయం పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊళ్లో ఏం చేసిందో చూసినవారికి, తీరాన ఎత్తయిన స్తంభాలూ గొడుగులూ నిలబెట్టడం ఎంత సాహసమో వివరించనక్కరలేదు.

లోపలి ప్రాంతాల్లోనూ గాలిని చూడాలి. వెదురు కర్రకు గుడ్డ పేలిక కట్టి, పిల్లలు ఆడే నాలుగు నుంచి ఆరు గంటల మధ్య అది ఎటు ఊగుతోందో కొన్ని రోజులు గమనించాలి. అటు పక్కన నడకదారి ఉంటే జల్లు దాని మీద పడి, పెద్దవాళ్లు జారిపడతారు. అటు రోడ్డు ఉంటే వాహనాలవారికి ఇబ్బంది.

ఆ వేళ పడమటి ఎండ కాస్తుంది కాబట్టి పడమర వైపు చెట్లో భవనమో ఉన్న చోటు మేలు. చెట్టు నీడ పడాలి గానీ ఆకులు నేల మీద రాలకూడదు. నాటుబాదం ఆకు ఒక్కటి చాలు, జాలీని మూసేయడానికి. కొబ్బరిచెట్టు కింద పిల్లల ఆటస్థలం అన్న మాటే వద్దు.

మనుషులు

పిల్లలతో వచ్చే అమ్మమ్మలూ తాతయ్యలూ నీడన కూర్చున్న చోటినుంచే ఆడే నేలంతా కనబడాలి. మరుగుదొడ్లూ బట్టలు మార్చుకునే గదీ దగ్గరలో ఉండాలి. చక్రాల కుర్చీ మెట్టు లేకుండా నేరుగా లోపలికి వెళ్లాలి. కరెంటు ప్యానెల్ వరద చార కంటే ఎత్తున, పిల్లలకు అందకుండా ఉండి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ రక్షణ కలిగి ఉండాలి. హైటెన్షన్ తీగల కింది స్థలం వైపు చూడనే కూడదు.

మిగిలిన ఒకటి రెండు చోట్లలో ఖరారు చేసేముందు, అనుకున్న హద్దును సున్నంతో నేల మీద గీయించి, ఒక ఆదివారం కూడా కలిసేలా వారం పది రోజులు అలాగే వదిలేయాలి. పొద్దున యోగా చేసేవారు అక్కడే చాపలు పరుస్తారా, వినాయక చవితి పందిరి ఏటా అక్కడే వేస్తారా, సాయంత్రం కుర్రాళ్ల క్రికెట్ పిచ్ అదేనా అన్నది అప్పుడు తేలుతుంది. పిచ్ అదే అయితే, ఆ కుర్రాళ్లకు ఇచ్చే బదులు చోటు కూడా అదే ప్లానులో గీసి, దాన్ని వాళ్లకు చూపించిన తరవాతే పని మొదలుపెట్టాలి.