వంటింటి చెత్తతో కంపోస్టు: కంపు, ఈగలు లేకుండా ఎలా చేయాలి?

కంపోస్టు బకెట్ కంపు కొడుతోందంటే లోపల తడి ఎక్కువైంది, గాలి ఆడటం లేదు అని అర్థం. కూరగాయల తొక్కల్లో ఎక్కువ భాగం నీళ్లే. వాటినే పోగేస్తూ పోతే నీరు ఊరి ముద్దకడతాయి. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు అందులో పెరుగుతాయి, కుళ్లు వాసన వాటి వల్లే. అందుకే తొక్కలకన్నా ముందు ఎండు సరుకు సమకూర్చుకోండి: బస్తాడు ఎండుటాకులు, రంపపు పొట్టు, టేపు పీకేసి చింపిన అట్టపెట్టెలు. ఇవి నిండుకున్న రోజున బకెట్‌లో తొక్కలు వేయకపోవడమే మంచిది.

బకెట్. మూత ఉన్న 20 లీటర్ల ప్లాస్టిక్ బకెట్ చాలు. అడుగున, పక్కల చుట్టూ 6 నుంచి 8 మిల్లీమీటర్ల చిల్లులు పాతిక దాకా పెట్టి, లోపలివైపు దోమల జాలీ అతికించండి. ఇటుకల మీద ఎత్తుగా, నీడలో, వాన పడని చోట పెట్టండి. రెండు బకెట్లుంటే ఇంకా హాయి. ఒకటి నిండి మాగుతుంటే రెండోది వాడుకోవచ్చు.

వేసే తీరు. అడుగున 3 అంగుళాల ఎండుటాకులు పరిచి, పైన రెండు గుప్పెళ్ల తోటమట్టి చల్లండి. తొక్కల నీళ్లు వడకట్టి, అంగుళం ముక్కలుగా తరిగి వేయండి. ఒక గిన్నె తడి చెత్తకు రెండు గిన్నెల ఎండు సరుకు, ఇదే కొలత. పైన 2 అంగుళాల మందాన కప్పేయాలి, ఒక్క తొక్క కూడా కంటికి కనపడకూడదు. ఈగల బెడద చాలావరకు ఇక్కడే తీరిపోతుంది. పళ్ల తొక్కల మీద ఈగలు ముందే గుడ్లు పెట్టి ఉండవచ్చు కాబట్టి, వాటిని రెండు మూడు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి వేస్తే మరీ మంచిది.

మాంసం, చేపలు, పాల పదార్థాలు, నూనె తగిలినవి, వండినవి వద్దు. ఎలుకలు వచ్చేది వీటి కోసమే.

తడి చూడటం. వారానికి రెండుసార్లు అడుగుదాకా కలియబెట్టండి. అప్పుడే గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు మెరిస్తే సరిగ్గా ఉంది. ధారగా కారితే ఎండుటాకులు కలపాలి. పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చిలకరించాలి. చీమలు పట్టాయంటే ఎండిపోయిందన్నమాటే.

మూత్రం లాంటి అమోనియా ఘాటు వస్తే తడి చెత్తలోని నైట్రోజన్ ఎక్కువైంది, అట్టముక్కలు, రంపపు పొట్టు బాగా కలపండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే మొత్తం గుమ్మరించి, ఉండలు చిదిమి, ఎండు సరుకు కలిపి మళ్లీ నింపండి. తెల్ల బూజు కనిపిస్తే కంగారు పడకండి, అది కుళ్లబెట్టే పని చేస్తోంది.

ఎప్పుడు సిద్ధం? బకెట్ నిండాక వేయడం ఆపేసి, కలియబెడుతూ రెండు మూడు నెలలు మాగనివ్వండి. నల్లబడి, తొలకరి మట్టి వాసన రావాలి. అనుమానముంటే గుప్పెడు తడిపి, గాలి చొరని సంచిలో మూడు రోజులు ఉంచి విప్పండి. పులిసిన వాసన వస్తే ఇంకో రెండు వారాలు ఆగాలి. ఆ తర్వాత జల్లించి, ఒక పాలు కంపోస్టుకు మూడు పాళ్ల మట్టి కలిపి కుండీలకు వాడండి. జల్లెడలో మిగిలిన పెద్ద ముక్కలు రెండో బకెట్‌లో వేస్తే అక్కడ పాలకు పెరుగు తోడులా పనికొస్తాయి.