ఎగ్జిక్యూటర్‌గా తిరిగినందుకు డబ్బు తీసుకోవచ్చా? ఎలా?

బెంగళూరులో ఉన్న మా పెదనాన్న తన విల్లులో నన్ను ఎగ్జిక్యూటర్‌గా, అంటే విల్లులో చెప్పినవన్నీ అమలు చేసే మనిషిగా రాసి చనిపోయారు. బ్యాంకులు, ఖాతా (మున్సిపాలిటీ ఆస్తి రికార్డు) మార్పు, కరెంటు మీటరు పేరు మార్పు అంటూ పదకొండు నెలలు తిరిగాను, డబ్బు సంగతి ఎత్తడానికి మాత్రం నోరు రాలేదు. మీరు ఆ మొహమాటం మొదటి రోజే వదిలేయండి.

ముందు విల్లు పూర్తిగా చదవండి. ఎగ్జిక్యూటర్‌కి ఇంత అని రాసి ఉంటే సగం తలనొప్పి తగ్గినట్టే. రాసి లేకపోతే, భారత వారసత్వ చట్టం, 1925లో 309వ సెక్షన్ ఉంది: అడ్మినిస్ట్రేటర్ జనరల్‌కి (చనిపోయినవాళ్ల ఆస్తుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ అధికారి) ఖరారు చేసిన రేటు కంటే ఎక్కువ కమీషన్ ఎగ్జిక్యూటర్ తీసుకోకూడదు. అది గరిష్ఠ పరిమితి మాత్రమే, దాన్ని చూపించి "నాకు ఇంత రావాల్సిందే" అని కూర్చుంటే ఇంట్లో గొడవే. మీ రాష్ట్రంలో ఆ రేటెంతో లాయర్‌ని అడగండి, వారసులందరితో ఒక కాగితం మీద సంతకాలు పెట్టించుకోండి, ఆ తర్వాతే డబ్బు ముట్టుకోండి.

చేతి ఖర్చులు వేరే లెక్క. అంత్యక్రియల ఖర్చు, చివరి జబ్బుకైన వైద్యం ఖర్చు అన్నిటికంటే ముందు ఆస్తిలోంచి పోతాయి, తర్వాత ప్రొబేట్ (విల్లు నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) ఖర్చులు, ఆ తర్వాత పనిమనిషిలాంటి వాళ్లకి చివరి మూడు నెలల్లో బాకీ పడ్డ జీతాలు, మిగతా అప్పులు ఆ వెనకే. పంపకాలు ఆఖరున. ప్రొబేట్ తీసుకున్నారా, ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో జమాఖర్చులు కోర్టుకి ఇవ్వాలి. కాబట్టి మీ సొంత అకౌంట్‌లో కలపకుండా విడిగా ఒక అకౌంట్ పెట్టండి.

విల్లులో మీకూ ఏదైనా రాశారా? అయితే జాగ్రత్త. 141వ సెక్షన్ ప్రకారం, ఎగ్జిక్యూటర్‌గా పని చేసే ఉద్దేశం చూపించకపోతే ఆ వాటా మీకు రాదు. విల్లులో చెప్పినట్టు అంత్యక్రియలు జరిపించడం కూడా ఆ ఉద్దేశం చూపించినట్టే అని చట్టమే ఉదాహరణ ఇచ్చింది. ఇంకో తేడా: విల్లు ద్వారా వచ్చిన ఆస్తి మీద మీకు ఆదాయపు పన్ను ఉండదు, పనికి తీసుకున్న ఫీజు మాత్రం ఆదాయమే, రిటర్న్‌లో చూపించాలి.

నేను రూళ్ల నోటుబుక్కులో అన్నీ రాశాను: జిరాక్స్ 36, నోటరీ, స్టాంపు పేపరు, ఆటో 240. అమెరికాలో ఉన్న మా అక్క వీడియో కాల్‌లో పేజీలు తిప్పించి చూసి, "ఒరేయ్, ఈ 240 ఏంట్రా, ఒకే రోజు రెండుసార్లు?" అంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్వర్ డౌన్ అక్కా, పొద్దున వెళ్లి మళ్లీ సాయంత్రం వెళ్లాను అన్నాను. తేదీ, పని పక్కనే రాసి ఉండటంతో ఇంకో ప్రశ్న లేదు, రాత్రికి ఒప్పందం కాగితం మీద సంతకం పెట్టి స్కాన్ పంపింది.